వాంతి మందులూ సెరటోనినూ: నింద ఓండాన్‌సెట్రాన్‌పై పడిన ఒక కేసు

రోగి అనుమతితో, ఆమెను గుర్తుపట్టగల వివరాలన్నీ తొలగించి ఈ కేసును నమోదు చేస్తున్నాను. కీమోథెరపీ వాంతులకు వాడిన మందులు, ఆమె ఎంతోకాలంగా వేసుకుంటున్న డిప్రెషన్ మాత్ర, ఒళ్లు నొప్పులకు ఇచ్చిన ఇంజెక్షన్ ఒకే రోజున కలవడంతో, నాడుల మధ్య కబురు మోసే సెరటోనిన్ అనే రసాయనం మితిమీరి ఆమె ప్రాణం మీదికి వచ్చింది. ఆమె కోలుకుంది. అయితే డిశ్చార్జ్ సమ్మరీ తయారుచేసే దశలో అసలు కారణాన్ని వదిలేసి, ఆమెకు ముందు ముందు ఎంతో అవసరమయ్యే ఓండాన్‌సెట్రాన్ అనే వాంతి మందును దోషిగా రాయబోయారు. ఆ నింద ఎందుకు సరికాదో వివరంగా చెప్పడానికే ఇది రాస్తున్నాను.

రోగి వృత్తాంతం

47 ఏళ్ల మహిళ, బరువు 52 కిలోలు. ఎడమ రొమ్ము క్యాన్సర్‌కు శస్త్రచికిత్స జరిగిన తర్వాత డాక్సోరుబిసిన్, సైక్లోఫాస్ఫమైడ్ కలిపి ఇచ్చే కీమోథెరపీ మొదలైంది. మొత్తం నాలుగు విడతలు నిర్ణయించగా, ఇది మొదటిది. ఈ రెండు మందుల జోడీని వాంతులు అత్యధికంగా కలిగించే వర్గంలో చేర్చారు. కీమో రోజున ఓండాన్‌సెట్రాన్ 8 మి.గ్రా., వాంతులను తగ్గించే స్టెరాయిడ్ డెక్సామెథసోన్ 12 మి.గ్రా. నరం ద్వారా ఇచ్చి, ఇంటి దగ్గర మూడు రోజుల పాటు వాడమని ఓండాన్‌సెట్రాన్ మాత్రలు రాశారు. మరుసటి రోజు తెల్లకణాల సంఖ్య పడిపోకుండా పెగ్‌ఫిల్‌గ్రాస్టిమ్ ఇంజెక్షన్ చేశారు.

ఆమె రెండేళ్లుగా రోజూ ఎస్సిటాలోప్రామ్ అనే డిప్రెషన్ మాత్ర 10 మి.గ్రా. వేసుకుంటున్నారు. ఈ సంగతి కీమో ఫైలులో లేదు. ఇంట్లో అందరూ దాన్ని నరాల మాత్ర అనే అంటారు కాబట్టి, వేరే మందులేమైనా వాడుతున్నారా అని అడిగినప్పుడు బీపీ, షుగర్ మందులు లేవని మాత్రమే చెప్పారు. మన ప్రాంతంలో మానసిక వైద్యుడు రాసిన మందు పేరు అడగకుండా బయటికి రావడం అరుదు. సూటిగా, మర్యాదగా, మాత్రల అట్ట చూపించమని అడగాలి.

మొదటి రోజు వాంతులు లేవు. రెండో రోజు సాయంత్రం వికారం మొదలై, మూడో రోజు ఉదయానికి ఐదారు వాంతులయ్యాయి. దానికి తోడు నడుములోనూ తొడ ఎముకల్లోనూ భరించలేని నొప్పి వచ్చింది. పెగ్‌ఫిల్‌గ్రాస్టిమ్ తర్వాత ఇలాంటి ఎముకల నొప్పి తరచుగా చూసేదే. ఊళ్లోని క్లినిక్‌లో సెలైన్ పెట్టి, వాంతులకు ఓండాన్‌సెట్రాన్ 4 మి.గ్రా., మెటోక్లోప్రమైడ్ 10 మి.గ్రా., నొప్పికి ట్రామడాల్ 100 మి.గ్రా. ఇంజెక్షన్లుగా ఇచ్చారు. వాంతులు కొంత తగ్గినా నొప్పి తగ్గలేదు. మధ్యాహ్నం ఇంటి దగ్గర ఓండాన్‌సెట్రాన్ 8 మి.గ్రా. మాత్ర వేసుకున్నారు. సాయంత్రం మళ్లీ క్లినిక్‌కు వెళ్లగా ట్రామడాల్ 100 మి.గ్రా. రెండోసారి ఇచ్చారు. ఆ ఉదయం కూడా ఎస్సిటాలోప్రామ్ మానలేదు.

రెండో ఇంజెక్షన్ తర్వాత గంటన్నరకు ఒళ్లంతా వణుకు, చెమటలు, కాలు ఒకచోట నిలవనివ్వని కంగారు, నీళ్ల విరేచనాలు మొదలయ్యాయి. చలిజ్వరం అనుకుని దుప్పట్లు కప్పారు. రాత్రి పదకొండు దాటాక మా అత్యవసర విభాగానికి తీసుకువచ్చారు.

మంచం దగ్గర కనిపించినవి

ఆమె మాట అర్థమయ్యేలానే ఉంది గానీ ఒక ప్రశ్నపై మనసు నిలవడం లేదు. ఉష్ణోగ్రత 100.8 డిగ్రీల ఫారన్‌హీట్, నాడి నిమిషానికి 128, రక్తపోటు 158/94. కనుపాపలు పెద్దవయ్యాయి. చర్మం చెమటతో తడిసి ఉంది. పొట్టపై స్టెతస్కోప్ పెడితే పేగుల కదలిక శబ్దాలు బాగా ఎక్కువగా వినిపించాయి. మోకాలి దగ్గర సుత్తితో తట్టగానే కాలు ఎగిరిపడింది, చేతుల్లో మాత్రం అంత తీవ్రత లేదు. పాదాన్ని చటుక్కున పైకి వంచి పట్టుకున్నప్పుడు మడమ లయబద్ధంగా అదురుతూ ఆగకుండా కొట్టుకుంది. దీన్నే క్లోనస్ అంటాము. రెండు కాళ్లలోనూ అది ఉంది.

డ్యూటీ డాక్టర్ మొదట అనుమానించినది రక్తంలో ఇన్‌ఫెక్షన్. కీమో తీసుకున్న మనిషికి జ్వరం వస్తే అలా అనుమానించడమే సరైన పద్ధతి. తెల్లకణాలు 21,400 ఉన్నాయి. పెగ్‌ఫిల్‌గ్రాస్టిమ్, డెక్సామెథసోన్ రెండూ తీసుకున్నవారిలో ఆ సంఖ్యను బట్టి ఇన్‌ఫెక్షన్ ఉందనీ లేదనీ చెప్పలేము. అందుకని సూక్ష్మజీవులు పెరుగుతాయేమో చూసే కల్చర్ పరీక్షలకు రక్తం పంపి యాంటీబయాటిక్ మొదలుపెట్టాము. అయితే ఇన్‌ఫెక్షన్ జ్వరం కాళ్లలో క్లోనస్‌ను తీసుకురాదు. ఆ ఒక్క గుర్తు మమ్మల్ని మందుల చీటీల దగ్గరికి నడిపించింది.

మెటోక్లోప్రమైడ్ తీసుకున్న మనిషి కంగారుగా అటూ ఇటూ కదులుతుంటే ఆ మందు వల్ల వచ్చే అకథీసియా గుర్తుకు రావాలి, మేమూ దాన్ని పరిశీలించాము. కానీ అకథీసియాలో కనుపాపలు పెద్దవి కావు, క్లోనస్ ఉండదు. మెదడులోని మరో రసాయనమైన డోపమైన్‌ను అడ్డుకునే, మెటోక్లోప్రమైడ్ వంటి మందుల వల్ల వచ్చే న్యూరోలెప్టిక్ మాలిగ్నెంట్ సిండ్రోమ్‌లో జ్వరం, చెమటలు ఉంటాయి, కానీ అది రోజుల మీద పెరుగుతుంది, కండరాలు సీసపు గొట్టంలా బిగుసుకుంటాయి, రోగి కదలికలు మందగిస్తాయి. ఈమెలో అంతా గంటల్లో జరిగింది, బిగుతుకు బదులు అదురు ఉంది. ఆస్ట్రేలియాలోని న్యూకాజిల్ విషవైద్య బృందం నమోదు చేసిన కేసుల ఆధారంగా 2003లో వెలువడిన హంటర్ ప్రమాణాల ప్రకారం, సెరటోనిన్‌ను పెంచే మందు తీసుకున్న వ్యక్తిలో రాబట్టగల క్లోనస్‌తో పాటు కంగారు గానీ చెమటలు గానీ ఉంటే సెరటోనిన్ విషప్రభావంగా (దీన్నే సెరటోనిన్ సిండ్రోమ్ అనీ అంటారు) నిర్ధారించవచ్చు. ఈమెలో మూడూ ఉన్నాయి.

ఇ.సి.జి.లో మరో సమస్య బయటపడింది. గుండె వేగానికి సరిచేసి లెక్కించిన క్యూటీ విరామం 498 మిల్లీసెకన్లు. గుండె కండరం ఒక్కో స్పందన తర్వాత విద్యుత్తుపరంగా తేరుకోవడానికి పట్టే సమయాన్ని చూపే ఈ కొలత మరీ పెరిగితే గుండె లయ ప్రమాదకరంగా తప్పవచ్చు. పొటాషియం 3.0, మెగ్నీషియం 1.5. వాంతులు, విరేచనాల వల్ల లవణాలు పోయిన దేహంలో క్యూటీని పెంచే ఎస్సిటాలోప్రామ్, ఓండాన్‌సెట్రాన్ రెండూ ఉన్నాయి. ఇది సెరటోనిన్ విషప్రభావానికి సంబంధం లేని, దాని పక్కనే నిలబడిన వేరే ప్రమాదం. ఈ రెండింటినీ ఒకటిగా కలిపేయడం వల్లనే తర్వాతి గందరగోళం పుట్టింది.

ఆ రాత్రి చికిత్స

సెరటోనిన్‌కు సంబంధించిన మందులన్నీ ఆపేశాము. ఇ.సి.జి. మానిటర్ పెట్టి పొటాషియం, మెగ్నీషియం నరం ద్వారా ఇచ్చాము. కంగారుకూ కండరాల అదురుకూ లోరాజెపామ్ 2 మి.గ్రా. ఇచ్చి, అవసరాన్ని బట్టి మళ్లీ ఇచ్చాము. ఈ స్థితిలో జ్వరం కండరాలు ఎడతెగక పనిచేయడం వల్ల పుడుతుంది కాబట్టి పారాసిటమాల్ దానిపై పెద్దగా పనిచేయదు. కండరాలు శాంతిస్తే జ్వరమే దిగుతుంది.

సైప్రోహెప్టడిన్ 12 మి.గ్రా., అంటే 4 మి.గ్రా. మాత్రలు మూడు, పొడి చేసి ముక్కు గొట్టం ద్వారా వేశాము. ఆకలి పుట్టడానికి పిల్లలకు పట్టించే సిరప్‌గా మన ఇళ్లలో చాలామందికి తెలిసిన మందే ఇది. సెరటోనిన్ వచ్చి తాకి పనిచేసే చోట్లను గ్రాహకాలు అంటారు, వాటిలో 5-హెచ్‌టీ2ఏ రకాన్ని ఇది అడ్డుకుంటుంది. విషప్రభావంలో ప్రాణాంతకమైన భాగమంతా ఈ గ్రాహకం ద్వారానే నడుస్తుంది. ఖరీదైన మందు కాదు, ప్రతి మెడికల్ షాపులోనూ దొరుకుతుంది. అత్యవసర విభాగాల మందుల అలమరలో దీనికి చోటు ఉండాలని నా గట్టి అభిప్రాయం.

యాంటీబయాటిక్ ఎంపికలోనూ ఒక జాగ్రత్త తీసుకున్నాము. లినెజోలిడ్ వాడవద్దని కేస్ షీట్‌పై పెద్ద అక్షరాలతో రాయించాను. సెరటోనిన్‌ను విచ్ఛిన్నం చేసే మోనోఅమైన్ ఆక్సిడేజ్ ఎంజైమును లినెజోలిడ్ కొంతమేర అడ్డుకుంటుంది. ఇన్‌ఫెక్షన్ అనుమానంతో తెల్లవారుజామున ఎవరైనా దాన్ని మొదలుపెడితే, ఆర్పుతున్న మంటలోనే మళ్లీ నూనె పోసినట్లవుతుంది.

తెల్లవారేసరికి చెమటలు ఆగి, క్లోనస్ ఎడమ కాలిలో మాత్రమే రెండు మూడు అదురులుగా మిగిలింది. మరునాటి సాయంత్రానికి అదీ పోయింది. పొటాషియం 4.1కు చేరాక క్యూటీ 452కు తగ్గింది. కల్చర్లలో ఏమీ పెరగలేదు.

డిశ్చార్జ్ సమ్మరీలో వచ్చిన వాదం

మందుల పరస్పర చర్యలను సరిచూసే సాఫ్ట్‌వేర్‌లో ఆమె మందులన్నీ నమోదు చేయగా ఎస్సిటాలోప్రామ్, ఓండాన్‌సెట్రాన్ జంటకు ఎర్ర గుర్తు వచ్చింది. దాన్ని ఆధారం చేసుకుని, ఓండాన్‌సెట్రాన్ వల్ల సెరటోనిన్ సిండ్రోమ్ వచ్చిందనీ ఇకపై ఈ తరగతి మందులేవీ ఇవ్వరాదనీ సమ్మరీ ముసాయిదాలో రాశారు. ఆ హెచ్చరిక గాలిలోంచి పుట్టింది కాదు. ఓండాన్‌సెట్రాన్ తరగతి మందులకు సెరటోనిన్ సిండ్రోమ్ హెచ్చరిక అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆమోదించిన లేబుళ్లలోనే ఉంది. అయినా నేను ఆ వాక్యాన్ని అంగీకరించలేదు. ఎందుకో చెప్పాలంటే సెరటోనిన్ దేహంలో ఎక్కడ పుడుతుందో, ఎక్కడ పనిచేస్తుందో, ఎలా తొలగిపోతుందో చూడాలి.

శరీరంలోని సెరటోనిన్‌లో సుమారు 90 శాతం పేగులోనే ఉంటుంది. పేగు లోపలి పొరలో ఎంటరోక్రోమాఫిన్ కణాలు దాన్ని తయారుచేసి నిల్వ ఉంచుతాయి. కీమో మందులు ఈ కణాలను దెబ్బతీసినప్పుడు అవి సెరటోనిన్‌ను ఒక్కసారిగా విడుదల చేస్తాయి. ఆ పక్కనే వేగస్ నాడి కొసలపై 5-హెచ్‌టీ3 అనే గ్రాహకాలు ఉంటాయి. సెరటోనిన్ గ్రాహకాల్లో అయాన్ మార్గంగా పనిచేసేది ఇదొక్కటే, మిగిలినవన్నీ జి-ప్రోటీన్ల ద్వారా నిదానంగా పనిచేస్తాయి. సెరటోనిన్ తగిలీ తగలగానే ఈ మార్గం తెరుచుకుని, వేగస్ నాడి వెంట సంకేతం మెదడు కాండంలోని వాంతి కేంద్రాలకు చేరుతుంది. పేగులోని సెరటోనిన్ రక్తం నుంచి మెదడులోకి దాటలేదు, కానీ వాంతి కలిగించడానికి దాటవలసిన అవసరమూ లేదు, నాడి ఆ కబురు మోస్తుంది. ఎస్సిటాలోప్రామ్ వంటి మందులు మొదలుపెట్టిన కొత్తలో చాలామందికి వికారం రావడానికీ పేగులో సెరటోనిన్ ప్రభావం పెరగడమే ముఖ్య కారణం. ఈమెకూ రెండేళ్ల కిందట మొదటి రెండు వారాలు అలాగే ఉందని తర్వాత అడిగితే చెప్పారు.

ఓండాన్‌సెట్రాన్ అడ్డుకునేది ఈ 5-హెచ్‌టీ3 మార్గాన్నే. సెరటోనిన్ ఉత్పత్తిని పెంచదు, విడుదలను పెంచదు, దాన్ని తిరిగి కణంలోకి లాక్కునే వాహకాన్ని అడ్డుకోదు, విచ్ఛిన్నం చేసే ఎంజైమును తాకదు. అటువంటప్పుడు విషప్రభావం ఎలా కలుగుతుంది? దీనికి కొందరు చెప్పే సమాధానం, 5-హెచ్‌టీ3 గ్రాహకాలు మూసుకుపోతే వాటికి చేరవలసిన సెరటోనిన్ మిగతా గ్రాహకాలపై పడుతుందని. కాలువ మీద ఒక తూము మూస్తే కింది తూములకు నీరు ఎక్కువగా పారుతుంది కదా అన్న తర్కం ఇది. డెల్టాలో పుట్టిపెరిగినవారికి చప్పున నచ్చుతుంది కూడా. కానీ గ్రాహకం సెరటోనిన్‌ను తాగేయదు. సెరటోనిన్ వచ్చి తాకి, సంకేతమిచ్చి, విడిపోతుంది. నాడుల సంధిలో దాని పరిమాణాన్ని నిర్ణయించేది తిరిగి లోపలికి లాక్కునే వాహకమూ, విచ్ఛిన్నం చేసే ఎంజైమూ. ఆ రెండింటి జోలికి పోని మందు సెరటోనిన్ మట్టాన్ని విషస్థాయికి తీసుకుపోతుందనడానికి ఔషధశాస్త్రంలో ఆధారం నాకు కనిపించదు. నివేదికల్లో కనిపించే కేసుల్లో చాలావాటిలో ఆ రోగులు సెరటోనిన్‌ను నిజంగా పెంచే మరో మందును వాడుతూనే ఉన్నారు.

ఈమె విషయంలో ఆ మరో మందు ట్రామడాల్. నొప్పి మందుగా మాత్రమే దాన్ని చూసే అలవాటు మన దగ్గర బలంగా ఉంది. నిజానికి అది బలహీనమైన ఓపియాయిడ్ గుణంతో పాటు సెరటోనిన్, నార్‌ఎపినెఫ్రిన్‌ల పునర్గ్రహణాన్ని అడ్డుకునే గుణమూ ఉన్న మందు. ఎస్సిటాలోప్రామ్ అడ్డుకునే వాహకాన్నే ఇదీ అడ్డుకుంటుంది. పైగా ట్రామడాల్‌ను కాలేయంలో సీవైపీ2డీ6 అనే ఎంజైము మార్చినప్పుడే బలమైన నొప్పి నివారక రూపం పుడుతుంది. మారకుండా మిగిలిన రూపానిదే సెరటోనిన్ ప్రభావం. ఎస్సిటాలోప్రామ్ ఈ ఎంజైమును బలహీనంగా అడ్డుకుంటుంది. మెటోక్లోప్రమైడ్ కూడా దీని మీదే ఆధారపడి కరుగుతుంది. ఈ పరిస్థితిలో నొప్పి తక్కువగా తగ్గడం, సెరటోనిన్ ఎక్కువగా పెరగడం రెండూ ఒకేసారి జరగవచ్చు.

ఓండాన్‌సెట్రాన్ పాత్ర నా దృష్టిలో ఇక్కడ ఉంది. మెదడు నుంచి వెన్నుపాముకు దిగే సెరటోనిన్ నాడులు నొప్పిని అణచడంలో 5-హెచ్‌టీ3 గ్రాహకాలూ పాలుపంచుకుంటాయి. ట్రామడాల్ నొప్పిని తగ్గించడంలో ఒక భాగం ఈ దారిన జరుగుతుంది. శస్త్రచికిత్స తర్వాత ట్రామడాల్ పంపు పెట్టిన రోగుల్లో ఓండాన్‌సెట్రాన్ కూడా ఇచ్చినవారికి ఎక్కువ ట్రామడాల్ అవసరమైందని ఒకటికి మించిన అధ్యయనాలు చూపాయి. ఈమెకు ఉదయం ఓండాన్‌సెట్రాన్‌తో కలిపి ఇచ్చిన ట్రామడాల్ నొప్పిని తగ్గించలేదు, మధ్యాహ్నం మరో 8 మి.గ్రా. పడింది, సాయంత్రం ట్రామడాల్ రెండోసారి ఇవ్వవలసి వచ్చింది. విషప్రభావం ఆ రెండో మోతాదు తర్వాతే బయటపడింది. ఓండాన్‌సెట్రాన్ సెరటోనిన్‌ను పెంచలేదు, ట్రామడాల్ మోతాదు రెట్టింపు కావడానికి దారి వేసి ఉండవచ్చు. ఇది నిరూపించగలిగిన విషయం కాకపోయినా, కాలక్రమం దీనికి చక్కగా సరిపోతుంది.

మెటోక్లోప్రమైడ్‌ను పూర్తిగా వదిలేయలేము. అది డోపమైన్ డీ2 గ్రాహకాలను అడ్డుకుంటూ, పేగులో 5-హెచ్‌టీ4 గ్రాహకాలను ప్రేరేపిస్తూ, ఎక్కువ మోతాదులో 5-హెచ్‌టీ3ను కూడా అడ్డుకుంటుంది. ఈ చివరి గుణానికి చరిత్రలో గొప్ప స్థానం ఉంది. 1981లో సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు వల్ల వచ్చే వాంతులకు చాలా ఎక్కువ మోతాదులో మెటోక్లోప్రమైడ్ ఇస్తే ఫలితం కనిపించింది. ఆ ఫలితం డోపమైన్ వల్ల కాక 5-హెచ్‌టీ3 వల్ల వచ్చిందని తేలడమే ఓండాన్‌సెట్రాన్ తరగతి వైపు దారి చూపింది. 1991లో ఓండాన్‌సెట్రాన్‌కు అమెరికాలో ఆమోదం లభించింది. సెర్ట్రాలిన్, వెన్లాఫాక్సిన్ అనే డిప్రెషన్ మందులు వాడుతున్నవారికి మెటోక్లోప్రమైడ్ ఇచ్చినప్పుడు కంగారు, బిగుతు, సెరటోనిన్ లక్షణాలు కలిసి కనిపించిన కేసులు నమోదయ్యాయి. అందుకని ఈమె విషయంలో దానికి సహాయక పాత్ర ఉండవచ్చని రాశాను.

అన్నిటికన్నా విచారించవలసిన సంగతి, మూడో రోజు వాంతులకు ఓండాన్‌సెట్రాన్ మీద ఓండాన్‌సెట్రాన్ ఇవ్వడం. సెరటోనిన్ విడుదల ముఖ్యంగా మొదటి 24 గంటల వాంతులకు సంబంధించినది. ఆ తర్వాత వచ్చే వాంతుల్లో సబ్‌స్టెన్స్ పి అనే పెప్టైడు, అది పనిచేసే ఎన్‌కే1 గ్రాహకాలు ముందుకు వస్తాయి. ఆలస్యంగా వచ్చే వాంతులకు 5-హెచ్‌టీ3 మోతాదు పెంచుకుంటూ పోతే క్యూటీ పెరుగుతుంది, మలబద్ధకం, తలనొప్పి వస్తాయి, వాంతి మాత్రం అంతగా తగ్గదు. మొదటి చీటీలోనే ఎన్‌కే1 గ్రాహకాలను అడ్డుకునే మందు, వాంతులను ఆపే మరో మందు ఓలాంజపిన్ ఉండి ఉంటే ఊళ్లో ఇంజెక్షన్ల దాకా పోయే అవసరమే బహుశా వచ్చేది కాదు.

ముసాయిదాలోని వాక్యాన్ని కొట్టివేసి, ట్రామడాల్, ఎస్సిటాలోప్రామ్ కలయిక వల్ల సెరటోనిన్ విషప్రభావమనీ, పొటాషియం తగ్గిన స్థితిలో ఓండాన్‌సెట్రాన్, ఎస్సిటాలోప్రామ్ కలిసి క్యూటీని పెంచాయనీ వేరువేరుగా రాశాము. ఇలా విడదీయడం అక్షరాల పట్టింపు కాదు. ఆమెకు ఇంకా మూడు విడతల కీమో మిగిలి ఉంది. 5-హెచ్‌టీ3 మందులన్నీ నిషిద్ధమని రాసి ఉంటే ఆ మూడు విడతలూ ప్రధానమైన రక్షణ లేకుండా జరిగేవి. ట్రామడాల్ పేరు రాయకపోయి ఉంటే తర్వాతి ఎముకల నొప్పికి అదే ఇంజెక్షన్ మళ్లీ పడేది.

తర్వాతి విడతలు

మానసిక వైద్యుడితో మాట్లాడి, రెండు రోజులు ఆపిన ఎస్సిటాలోప్రామ్‌ను అదే మోతాదులో తిరిగి మొదలుపెట్టాము. క్యాన్సర్ చికిత్స నడుమ డిప్రెషన్ తిరగబెడితే కలిగే నష్టం చిన్నది కాదు. రెండో విడతకు ముందు పొటాషియం, మెగ్నీషియం, ఇ.సి.జి. చూసి, క్యూటీపై చెప్పుకోదగ్గ ప్రభావం లేని, సుమారు 40 గంటల అర్ధాయువు (దేహంలో మందు సగానికి తగ్గే సమయం) ఉన్న, ఓండాన్‌సెట్రాన్ తరగతికే చెందిన పాలోనోసెట్రాన్ 0.25 మి.గ్రా. ఒక్కసారే ఇచ్చారు. దానితో ఆప్రెపిటంట్ అనే ఎన్‌కే1 మందు మూడు రోజులు, డెక్సామెథసోన్ 12 మి.గ్రా., రాత్రిపూట ఓలాంజపిన్ 2.5 మి.గ్రా. నాలుగు రోజులు ఇచ్చారు. ఓలాంజపిన్‌ను 10 మి.గ్రా. ఇస్తే పగలంతా మగతగా ఉంటుందని చాలామంది మానేస్తారు. ముంబయిలోని టాటా మెమోరియల్‌లో జరిగి 2024లో ప్రచురితమైన అధ్యయనంలో 2.5 మి.గ్రా. కూడా దానికి తీసిపోదని తేలింది కాబట్టి 52 కిలోల ఈమెకు ఆ మోతాదే ఎంచుకున్నారు. ఓలాంజపిన్ ఉన్నంతకాలం మెటోక్లోప్రమైడ్ కలపరాదు, రెండూ డోపమైన్‌నే అడ్డుకుంటాయి.

ఎముకల నొప్పికి పారాసిటమాల్ సరిపోయింది. రెండో విడతలో ఒక పూట వికారం తప్ప వాంతి కాలేదు. మూడు, నాలుగు విడతలూ అలాగే గడిచాయి. ట్రామడాల్, పెథిడిన్, లినెజోలిడ్, డెక్స్‌ట్రోమెథార్ఫాన్ ఉన్న దగ్గు మందులు వద్దని తెలుగులో రాసిన చీటీని ఆమె పర్సులో ఉంచి, మరో ప్రతిని ఊళ్లోని క్లినిక్‌కు పంపాము. అక్కడివారు దాన్ని మనస్ఫూర్తిగా స్వీకరించి, నొప్పి ఇంజెక్షన్‌కు ముందు రోజువారీ మాత్రలు చూపించమని అడగడం మొదలుపెట్టారు.

ఆమె ఇకపై రొమ్ము క్యాన్సర్ తిరగబెట్టకుండా ఇచ్చే టామాక్సిఫెన్ వాడవలసి ఉంది. ఆ మందు కూడా సీవైపీ2డీ6 ద్వారానే చురుకైన రూపంలోకి మారుతుంది. అందుకని ఎస్సిటాలోప్రామ్‌ను కొనసాగించవచ్చనీ, ఎప్పుడైనా మార్చవలసి వస్తే ఆ ఎంజైమును గట్టిగా అడ్డుకునే పారాక్సెటిన్‌కు గానీ ఫ్లూఓక్సెటిన్‌కు గానీ మార్చవద్దనీ ఆమె ఫైలులో, మానసిక వైద్యుడి చీటీలో రెండింటా నమోదు చేశాము.